అలిగిన నాడు వెలిగిన కమాను

మీసం సరిగ్గా రాని ఆ వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఉన్నవాటిలో సగం అనవసరమైనవని, వాటిని ఏరి పారేసే మనిషి కోసం లోకం ఎదురుచూస్తున్నదని. ఆ మనిషిని నేనే అని వేరే చెప్పాలా? ఒకసారి అవ్వ పోపుల డబ్బా సర్దుతూ, జీలకర్ర, వాము చూడటానికి ఒకేలా ఉన్నాయి కదా అని రెండింటినీ ఒకే గిన్నెలో పోశాను (ఒక గిన్నె మిగిలిందని మురిసిపోయాను కూడా). ఆ గిన్నె అయిపోయేదాకా మా ఇంట్లో చారు కషాయంలా ఉండేది. మరోసారి బాపు రేడియో వెనక ఒక తీగముక్క దేనికీ తగలకుండా వేలాడుతున్నదని కత్తిరించాను. సాయంత్రం వార్తల వేళకు రేడియో గురక తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఏరియల్ అనేది దేనికీ తగలకుండానే వేలాడాలని ఆ రోజు తెలిసింది. తెలిసింది గానీ బుద్ధి రాలేదు.

పాలిటెక్నిక్ డిప్లొమా చేతికి రాగానే ఈ గుణాన్ని వెంటబెట్టుకుని నేను చేరింది కరీంనగర్‌లో ఒక సైకిల్ దుకాణం మీది అంతస్తులో ఉన్న చిన్న కార్ఖానాలో. కార్ఖానా అంటే రెండు గదులు, ఒక పాత కంప్యూటరు, సోల్డరింగ్ పొగ, కిందినుంచి వచ్చే రబ్బరు వాసన. యజమానిని అందరం భాయ్‌సాబ్ అనేవాళ్లం. వాళ్ల నాన్న పెండ్లిళ్లకు, పండుగలకు లైట్లు, మైకుసెట్లు కిరాయికిచ్చిన మనిషి. కొడుకు ఆ లైట్లకు చదువు చెప్పాలని చిప్పుల్లోకి దిగారు. గణపతి మండపాల మీద, దర్గా ఉర్సుల్లో, పెండ్లి పందిళ్ల ముందు రంగు బల్బులు పరుగెత్తడం, పువ్వులా విచ్చుకోవడం, నెమలిలా పురివిప్పడం మీరు చూసే ఉంటారు. వాటి వెనక ఇనుప డబ్బాలో కూర్చుని ఏ బల్బు ఎప్పుడు వెలగాలో చెప్పే బుర్ర ఒకటి ఉంటుంది. ఆ బుర్రలు మేము చేసేవాళ్లం.

తొంభైల్లో మాకు కొత్తగా దొరికిన ముద్దుబిడ్డ ఫ్లాష్ మెమొరీ. కరెంటు పోయినా తన దగ్గరున్నది మరిచిపోని చిప్పు (మా దగ్గర కరెంటు రోజూ పోయేది కాబట్టి దాని విలువ మాకు బాగా తెలుసు). దాన్ని అరలున్న బీరువా అనుకోండి. ఒక్కో అరలో ఒక్కో బొమ్మ. బల్బు వెలగాల్సిన చోట ఒకటి, ఆరాల్సిన చోట సున్నా. ఇందులో ఒక తమాషా ఉంది. ఈ చిప్పులో ఒక అరను తుడిచేస్తే సున్నాలు మిగలవు, అన్నీ ఒకట్లే మిగులుతాయి. అంటే ఏమీ రాయని అరను తెరిస్తే బల్బులన్నీ ఒక్కసారే వెలుగుతాయి. భాయ్‌సాబ్ మొదటి రోజే చెప్పారు, “యాద్ పెట్టుకో మియా, గీ చిప్పుకు ఖాళీ అంటే నిండుగ ఉన్నట్టు.” నేను తలూపాను. తలూపడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడు.

ఏ అర తెరవాలి, తుడిచాక ఎంతసేపు ఆగాలి, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాలి, ఇవన్నీ చూసుకునే ప్రోగ్రాం ముక్కను డ్రైవర్ అంటారు. మా డ్రైవర్‌ను భాయ్‌సాబ్ తాను మాట్లాడినట్టే రాశారు. అంటే మధ్యలో ఏదో గుర్తొస్తే దాన్ని అక్కడే పెట్టేస్తూ. ఒకచోట ఉత్త పది, కొంచెం కింద మళ్లీ పది, ఈ పదికీ ఆ పదికీ చుట్టరికం ఉందో లేదో ఆయనకు తప్ప తెలియదు. చూసీ చూడగానే నా చేతులు దురద పెట్టాయి. ప్రతి అంకెకూ ఒక పేరు పెట్టాను. ఆ పేర్లన్నీ ఫైలు నెత్తిమీద ఒక వరుసలో, పక్కన అంకెలు మరో వరుసలో, బడిపిల్లలు ప్రార్థనకు నిలబడ్డట్టు నిలబెట్టాను. అవసరం లేనివి పీకేశాను. కొత్త చిప్పు వచ్చినప్పుడు ఇంతకుముందు ఫైలంతా వెతికి మార్చాల్సి వచ్చేది, ఇప్పుడు పైన ఒక్కచోట మారిస్తే చాలు. భాయ్‌సాబ్ నిజంగానే సంబరపడ్డారు. “అరే వా! సఫాయి ఇంజనీర్ దొరికిండురా నాకు!” అని భుజం చరిచి, “గని జర చూసుకుంట కడుగు మియా. మురికి పోవాలె, రంగు పోవద్దు,” అన్నారు. నాకు మొదటి వాక్యం మాత్రమే వినిపించింది.

సరిగ్గా అప్పుడే మా అక్క, బావ మందమర్రి నుంచి వచ్చారు. బావ అక్కడ బొగ్గుబాయిలో పని. అక్క పెండ్లయి మందమర్రి కాలనీకి పోయిన మొదటి ఏడు, బతుకమ్మను తానే పేరుస్తానని పట్టుబట్టి పేర్చి, నలుగురి ముందుకు తెచ్చి దించగానే అది ఒక పక్కకు ఒరిగి చల్లగా కూలిపోయిందట. అప్పటినుంచి “కరీంనగర్ పిల్లకు పువ్వు పేర్చరాదు” అన్నది కాలనీలో స్థిరపడిన మాట. ఆ మాటను స్థిరపరిచింది మైకు పెద్దమ్మ. పాట ఎత్తుకుంటే మైకు అక్కరలేని గొంతు కాబట్టి ఆమెకు ఆ పేరు. ఏడేళ్లు ఆ మాట పడ్డాక, అక్క ఈసారి కాలనీ ఆడవాళ్లందరినీ కూడగట్టి, ఆట స్థలం ముందు ద్వారంలా లైట్ల కమాను పెట్టించడానికి ఒప్పించింది.

“మస్తు లడాయి పడి ఒప్పిచ్చిన భాయ్‌సాబ్,” అంది అక్క, బల్ల మీది వైర్లను పక్కకు జరిపి కూర్చుంటూ. “ప్రతి ఏడు గవే సీరియల్ బల్బులు, గవే ఎర్రయి పచ్చయి. మా తమ్ముడు చేసింది పెడ్తే సూస్తరు మీరు అన్న. మైకు పెద్దమ్మ ఏమన్నదో ఎర్కనా? ‘నువ్వు పేర్చిన బతుకమ్మ లెక్క కూలది గద?’ అన్నది. ఇది గిన తప్పిందనుకో, నేను మళ్ల నల్లా కాడికి బిందె వట్టుకొని పోవుడు బందే.”

“ఫికర్ చెయ్యకు బెహెన్,” అన్నారు భాయ్‌సాబ్. “గసొంటి కమాను పెడ్త, మంచిర్యాల దాక చెప్పుకోవాలె. ఒక్కోనాడు ఒక్కో వరుస పెరుగుకుంట పోతది బతుకమ్మ. పొద్దు గూకంగనే దానంతట అదే వెలుగుతది. ఎవ్వలు ముట్టే పని లేదు.”

బావ మితభాషి. గోడకానుకుని అంతా విని, “మంచిగ లేకున్నా సరే అన్నా, ఆగిపోవద్దు. ఆగిపోతే నాకు ఇంట్ల బువ్వ దొరకది,” అన్నాడు.

భాయ్‌సాబ్ తానే కూర్చుని బొమ్మలు గీశారు, చిప్పులో నింపారు, కోడ్ రాశారు. అంతా ముగించి, వేరే పని మీద హైదరాబాద్ బయల్దేరుతూ, “డబ్బా మూసి మందమర్రికి పంపు. పేర్లు పెట్టుకుంటవో బొట్లు పెట్టుకుంటవో నీ ఇష్టం, గని లెక్కలు ముట్టకు,” అన్నారు. నేను యథాప్రకారం తలూపాను. ఆయన బస్సు కరీంనగర్ దాటకముందే ఫైలు తెరిచాను.

పేర్లు పెట్టడం అయిపోయింది. వరుసలు దిద్దడం అయిపోయింది. అప్పుడు కనబడింది ఆ లైను. అర నంబరు అయిదు అయితే ఆ అర తెరవకు, బల్బులన్నీ ఆర్పి ఊరుకో. అంతే. పేరు లేదు, ఊరు లేదు, ఎందుకో లేదు. నా బుర్ర వెంటనే విషయం పట్టేసింది. మేము వాడే చిప్పుల్లో కొన్ని పాత యంత్రాల నుంచి ఊడదీసినవి ఉండేవి. వాటిలో అప్పుడప్పుడు ఒక అర చెడిపోయి ఉండేది. దాన్ని తప్పించడానికి భాయ్‌సాబ్ ఇలాంటి లైన్లే పెట్టేవారు. ఈ డబ్బాలో ఉన్నదేమో ప్యాకెట్టు విప్పిన కొత్త చిప్పు. చెడిన అర ఎక్కడిది? ఏ పాత కోడ్ నుంచో మరకలా అంటుకొచ్చింది! పీకేశాను. పీకేసి, ఆ ఖాళీ కనబడకుండా కింది లైన్లను పైకి జరిపాను. ఎంత అందంగా కుదిరిందో చెప్పలేను. కంప్యూటరు సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి అయిదంటే ఆరో అర అని, ఆరో అర అంటే ఆరో రోజు అని, బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆరో రోజుకు ఒక సంగతి ఉందని, ఇంత దూరం ఆలోచించే ఓపికే ఉంటే నేను రేడియో ఏరియల్ ఎందుకు కత్తిరిస్తాను? ఆ అరలో అసలు ఏముందో తెరిచైనా చూడలేదు. పరీక్షకు మొదటి రోజు బొమ్మ వెలిగించి చూశాను, చివరి రోజుది చూశాను. నడుమ ఉన్నవి ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను.

పండుగ మొదలైంది. కింద సైకిల్ దుకాణంలో ఫోన్ మోగేది, “పైన తమ్మునికి అక్క ఫోన్!” అని కేక వినబడేది, నేను మెట్లు దూకేవాడిని. “తమ్మీ! ఎంత ముద్దుగున్నదిరా! పక్క కాలనీలకెళ్లి వచ్చి చూస్తున్నరు. నల్లా కాడ నన్నే ముందుగాల బిందె వెట్టమంటున్నరు!” అనేది అక్క. మర్నాడు, “మైకు పెద్దమ్మ ఇయ్యాల కమాను దిక్కు మూడుసార్లు చూసింది. నేను చూసిన,” అనేది. వినీ వినీ నాకు ఆగలేదు. ప్రశంస ఫోన్లో కాదు, ఎదురుగా నిలబడి అందుకోవాలనిపించి సెలవు పెట్టి మందమర్రి బస్సెక్కాను. అది ఆరో రోజు.

పోయేసరికి ఇల్లు చప్పగా ఉంది. అక్క పాత చీరలో బియ్యం చెరుగుతున్నది. పువ్వులేవీ లేవు. “ఆటకు తయారు కాలేదేంది?” అన్నాను.

“ఇయ్యాల ఆట లేదు. అలిగింది,” అంది అక్క.

అరుగు మీద అక్క వాళ్ల అత్తమ్మ మూతి బిగించి చిక్కుడుకాయలు తుంపుతున్నది. పండుగ పూట కోడలితో మాటామాటా వచ్చిందని నాకు అర్థమైపోయింది (నాకు అన్నీ ఇలాగే అర్థమవుతాయి). పోయి పక్కన కూర్చుని, “అత్తమ్మా, మా అక్కది జర నోటి దురుసు. చిన్నప్పటిసంది గంతే. మనసుల పెట్టుకోవద్దు,” అన్నాను.

అత్తమ్మ చిక్కుడుకాయ ఆపి నన్ను కిందికీ మీదికీ చూసింది. “నేనెందుకు అలుగుత కొడుకా? నేనలిగితే గీ ఇంట్ల పొయ్యి ముట్టదు. అలిగింది బతుకమ్మ!”

లోపలినుంచి అక్క చాట పట్టుకునే వచ్చింది. “ఏందిరా? నా నోటి దురుసా? పుట్టినసంది సత్తుపిండి, మలీద ముద్దలు బుక్కినవు గద, ఆరోనాడు అలిగిన బతుకమ్మ అని ఎర్కలేదా? ఇయ్యాల పేర్వరు, ఆడరు, ఏం పెట్టరు.”

“ఎందుకు అలిగింది?”

“ఎప్పుడో ఏదో తగిలిందంటరు. ఒక్కొక్కలు ఒక్కో తీర్గ చెప్తరు. ఆడది అలుగుడుకు నీకు రశీదు గావాల్నా?” అంది అత్తమ్మ.

ఆరో నాడు. ఆరో అర. సున్నా నుంచి లెక్కపెడితే అయిదు. “అయితే... ఇయ్యాల కమాను వెలగొద్దా?” అన్నాను. “ఎందుకు వెలుగుతది? ఆరోనాడు గదే బందుంటదని భాయ్‌సాబ్ చెప్పిండు గద,” అంది అక్క. నేను లేచి చెప్పులు వెతుక్కునేంతలో ఇంట్లో ట్యూబులైటు మిణుకుమని ఎర్రబడింది. పక్కింటి టీవీలో బొమ్మ అరచేతంత అయిపోయింది. కాలనీ మొత్తం దీపాలు నీరసించాయి. వాటి బలమంతా ఎక్కడికి పోయిందో వీధి మలుపు తిరగగానే కనబడింది.

ఏమీ రాయని అరలో అన్నీ ఒకట్లే ఉంటాయని చెప్పాను కదా. ఆరో అరలో భాయ్‌సాబ్ ఏ బొమ్మా నింపలేదు. ఆ ఒకట్లన్నీ ఆ క్షణంలో కమాను మీద ఉన్నాయి. అయిదు రోజులుగా కొన్ని కొన్నిగా, వంతులవారీగా వెలిగిన బల్బులు, ఎర్రవి, పచ్చవి, నీలివి, పసుపువి, ఒక్కటి మిగలకుండా, పువ్వు లేదు, వరుస లేదు, ఒకటే మంట. చీకట్లో మునిగిన కాలనీ నడుమ ఆ కమాను కళ్లు తెరిచి నిలబడ్డట్టుంది. ఆట లేదని ఇండ్లలో ఉన్న ఆడవాళ్లంతా చేతిలో గరిటెతో ఒకరు, చంకలో పిల్లతో ఒకరు, తలంటు సగంలో ఒకరు బయటికొచ్చేశారు.

“ఏమైందే? బాయి మీద ఏమన్న పేలిందా?”

“అలిగినామె వచ్చి కూసున్నదే అవ్వా!”

మైకు పెద్దమ్మ గొంతు అన్నిటినీ చీల్చుకుని వచ్చింది. “ఏమే కరీంనగరామె! ఇయ్యాల దీపం గూడ ఆర్పుకొని ఊకుండే రోజు. అలిగినామె మొఖం మీద లైటు గొడుతున్నవా?”

అక్క మొహం చూశాను. ఆ రంగులన్నీ దాని మీద పడుతున్నా అందులో రంగు లేదు. ఏడేళ్ల తర్వాత నల్లా దగ్గర ముందు బిందె పెట్టిన ఆడది, ఆ బిందెను తానే వెనక్కి తీసుకుంటున్నట్టు నిలబడింది.

స్విచ్ క్లబ్బు గదిలో ఉంది. గదికి తాళం. తాళంచెవి ఉన్న పెద్దమనిషి రెండో షిఫ్టులో భూమి అడుగున ఉన్నాడు. ఫ్యూజు పోవాలి కదా ఈపాటికి అంటే, మొదటి రోజు పోయిందని బావ అందులో వేలంత మందం తీగ వేశాడట (“ఆగిపోవద్దన్న గద,” అన్నాడు నెమ్మదిగా). ఇక మిగిలింది స్తంభం మీది ఫ్యూజును చేత్తో పీకడమే. నిచ్చెన వచ్చింది. నేను ఎక్కాను. కింద ఊరంతా.

“మెల్లగ కొడుకా, నువ్వు గూడ వెలిగెవు!”

“గట్టిగ వట్టుకో! గదన్న పీకుడు వస్తదా?”

పీకడమే నాకొచ్చిన విద్య అని వాళ్లకు తెలియదు. కట్టె అడ్డం పెట్టి, కళ్లు మూసుకుని ఫ్యూజు లాగాను. కమాను ఆరిపోయింది. కాలనీ దీపాలన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాయి. పక్కింటి టీవీ మామూలు సైజుకొచ్చి గట్టిగా అరిచింది. నిచ్చెన మీద ఉండటమే క్షేమమనిపించింది గానీ దిగక తప్పలేదు.

“రేపు పొద్దుగాల గీ కమాను ఊడవీకాలె,” అంది మైకు పెద్దమ్మ. “మా పాట మాకు చాలు. గీమె మాట వట్టుకొని పోతే గిట్లనే కూలుతది.” చుట్టూ కొన్ని తలలు ఊగాయి.

అప్పుడు మా అత్తమ్మ చిక్కుడుకాయల గిన్నెతోనే ముందుకొచ్చింది. ఇంట్లో కోడలి ఉప్పును, పప్పును, నడకను, నిద్రను రోజూ తూర్పారబట్టే మనిషి. “ఎవల మాట కూలింది? నా కోడలు అయిదు రోజులు వెలిగిస్తనన్నది, వెలిగించింది. ఆరోనాడు ఆపుడు తప్పింది దాని తమ్ముడు. వాడు తప్పితే దాని కమాను ఎందుకు ఊడవీకాలె? వాని చెవు పిండుండ్రి, వంగుతడు.” అని నా వైపు తిరిగింది. “చెప్పురా. ఎట్ల వెలిగింది?”

నాకు అబద్ధం చెప్పే తెలివి కూడా ఆ పూట లేదు. “ఆరోనాడు బందుండుమని భాయ్‌సాబ్ ఒక లైను రాసిండు అత్తమ్మా. నేనే తీసేసిన.”

“ఎందుకు?”

“పనికిరానిదనుకున్న.”

అత్తమ్మ గిన్నె కింద పెట్టింది. నడుముకు చేతులు పెట్టింది. “పనికిరానిదా? ఏడాది పొడుగూత చాకిరి చేసేటోళ్లం. ఒక్కనాడు అలుగుదమంటే గది గూడ పనికిరానిదైందా నీకు?”

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత చంకలో పిల్లతో ఉన్నామె. తర్వాత ఆ నవ్వు వీధంతా పాకింది. “అడుగవ్వా, అడుగు!”, “మా ఇంటాయనకు గూడ గిదే చెప్పు!” అని నలువైపుల నుంచీ కేకలు. నా తప్పు సంగతి పక్కకుపోయి, ఎవరెవరు ఇంట్లో ఎప్పుడెప్పుడు అలిగితే ఎవరూ పట్టించుకోలేదో ఆ లెక్కలు బయటికొచ్చాయి. చివరికి అత్తమ్మే తీర్పు చెప్పింది. పండుగ అయిపోయేదాకా మా ఇంటి బతుకమ్మకు పువ్వు నేనే తేవాలి, నేనే పేర్చాలి.

“పేర్చినంక కూలద్దు మల్ల! అక్కసొంటి తమ్ముడాయె!” అంది మైకు పెద్దమ్మ.

అక్క అప్పుడు తలెత్తింది. “కూలితే నీ పాటకే కూలాలె పెద్దమ్మా. గాలి గట్ల లేస్తది!” అంది. అందరికంటే ముందు మైకు పెద్దమ్మే నవ్వింది. కమాను నిలబడిందని నాకు అప్పుడు తెలిసింది.

పొద్దున్నే ఎస్టీడీ బూత్ నుంచి భాయ్‌సాబ్‌కు ఫోన్ చేసి, గొంతు తగ్గించి అంతా చెప్పాను. అవతలి నుంచి ఏదో గరగర చప్పుడు వచ్చింది. లైను బాగాలేదనుకున్నాను. ఆయన నవ్వుతున్నారు. “అరే మియా! గదొక్క రోజే మా ఇంట్ల మాకు పండుగ! బతుకమ్మ రోజులల్ల అబ్బాకు దమ్ము దీసుకునే తీరిక లేకుండె. గీ వాడకు మైకు, గా వాడకు లైట్లు. ఆరోనాడు ఎవ్వలు పిలువరు. గా రోజు అబ్బా మమ్మల్ని అందరిని దీస్కొని మానేరు ఒడ్డుకు పోయేటోడు. అమ్మీ బిర్యానీ కట్టేది. గా రోజును నేను మరుస్తనా?”

“ఎందుకు పెట్టిన్రో పక్కన ఒక్క ముక్క రాసిపెడ్తే అయిపోవు గద భాయ్‌సాబ్,” అన్నాను, ఇంకా ఎక్కడో మిగిలున్న పొగరుతో.

“కరీంనగర్ పోరనికి అలిగిన బతుకమ్మ సంగతి నేను రాసి చెప్పాల్నా?” అన్నారాయన. ఈసారి తలూపితే ఫోన్లో కనబడదు కాబట్టి ఊరుకున్నాను.

ఇక నా శిక్ష. తెల్లవారగానే గుట్టల వెంట తంగేడు, గునుగు కోసం తిరిగాను. గునుగు అనుకుని మొదటి మోపంతా వేరే ఏదో గడ్డి కోసుకొచ్చాను (మేకలు సంతోషించాయి). రంగుల్లో ముంచిన గునుగుతో చేతులు మోచేతుల దాకా గులాబీ, నీలం అయ్యాయి. పళ్లెంలో పేర్చడానికి కూర్చుంటే మాత్రం నాకు పూనకం వచ్చింది. కాడలన్నీ సమానంగా కత్తిరించి, వరుసలు స్కేలు పెట్టినట్టు పెంచుతుంటే అత్తమ్మ నడుమలో గుమ్మడాకులు, విరిగిన కాడలు, పనికిరాని ఆకూ అలమూ కుక్కుతూ పోతున్నది. నా చేయి ఆగలేదు. “నడుమ గీ చెత్త ఎందుకు అత్తమ్మా? బయటికి కనబడదు గద,” అన్నాను.

“తీసి చూడు,” అంది అత్తమ్మ చాలా ప్రేమగా.

తీశాను. నా సమానమైన వరుసలన్నీ ఎంతో క్రమశిక్షణతో లోపలికి కూలిపోయాయి. అత్తమ్మ అరుగు మీద పడి పడి నవ్వింది. అక్క లోపలినుంచి పరుగెత్తుకొచ్చి చూసి, గోడ పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. “నన్ను గూడ గదే ముంచింది మొదటి ఏడు! నడుమ ఏం నింపలే నేను!” అంది. ఏడేళ్లలో ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదట. అత్తమ్మ నవ్వాపి కోడలి వైపు చూసి, “నన్ను అడిగితే చెప్పకపోదునా పిచ్చిదానా,” అంది. తర్వాత ముగ్గురం మళ్లీ మొదలుపెట్టాం. చివరి రోజు, సద్దుల నాడు, మా బతుకమ్మ కాలనీలో అందరికంటే ఎత్తు కాదు గానీ, చెరువు దాకా ఒరగకుండా పోయింది. కమాను తన వంతు తాను బుద్ధిగా వెలిగింది. దాని వైపు చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ల చూపంతా పువ్వుల మీద ఉంది.

కార్ఖానాకు తిరిగొచ్చి ఆ లైను మళ్లీ పెట్టాను. పేరు పెట్టాను, ఎందుకో కూడా రాశాను. అంతటితో అయిపోయిందనుకున్నాను. మరుసటి ఏడు పండుగ ముందు అక్క ఫోన్. “తమ్మీ, ఆరోనాడు జరసేపు గట్లనే మొత్తం వెలిగియ్యాల్నట. మైకు పెద్దమ్మ అడుగుతున్నది. పోరల కోసమంటున్నది గని, గామెకే గావాలె. అలిగితే అలిగినట్టు కనబడాలె గద అంటున్నది.” భాయ్‌సాబ్ కుర్చీ నా వైపు తిప్పి, “రాయి మియా. నీ చేతి పనే,” అన్నారు. అలుక ఎంతసేపు ఉండాలో ఒక అంకె కావాలి కాబట్టి అక్కను అడిగాను. అక్క అత్తమ్మను అడిగింది. అత్తమ్మ పక్కనుంచి అరవడం ఫోన్లో నాకే వినబడింది. “ఎంతసేపేంది? బతిమాలేటిదాక!”

దాన్ని ఏ అంకెతో రాయాలో నాకూ తెలియలేదు, భాయ్‌సాబ్‌కూ తెలియలేదు. చివరికి అంకె పెట్టలేదు. స్తంభానికి ఒక బటన్ పెట్టాం. ఆ ఏడు ఆరో నాడు కమాను భగ్గున వెలిగింది, కాలనీ టీవీలన్నీ అరచేతంత అయ్యాయి, ఆడవాళ్లంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. మొదటి షిఫ్టు నుంచి ఓవర్‌టైం చేసి, మొహం నిండా బొగ్గుతో అప్పుడే వస్తున్న మా బావను పట్టుకొచ్చి ముందు నిలబెట్టారు. ఆ మితభాషి చుట్టూ చూసి, టిఫిను గిన్నె కింద పెట్టి, కమానుకు చేతులు జోడించాడు. “తప్పయింది తల్లీ,” అన్నాడు. బటన్ నొక్కాడు. ఆరిపోయింది. మందమర్రిలో ఆ రోజు కొట్టినన్ని చప్పట్లు నేను మళ్లీ ఎక్కడా వినలేదు.

తర్వాత ఎన్నో చిప్పుల మీద పనిచేశాను, ఎన్నో వేల అంకెలకు పేర్లు పెట్టాను. ఎవరి కోడ్‌లోనైనా వివరం లేని లైను కనబడితే ఇప్పుడు చేయి దాని మీద పెట్టి కాసేపు ఆగుతాను, రాసినవాళ్లు బతికుంటే పోయి అడుగుతాను. వాళ్లు చెప్పే కథలు వినడంలోనే నా పని సగం గడిచిపోతుంది. దేన్నీ అడగకుండానే అంతా తెలిసిపోయే ఆ కుర్రాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. తెలివి తక్కువే గానీ, పాపం, ఎంత ఉత్సాహంగా బస్సెక్కేవాడో! ఇప్పుడు అలిగి వెళ్లిపోయిన ఆ ఉత్సాహం కోసం నేనెవరిని బతిమాలాలో తెలియదు.